కలకత్తా రేవుకు వచ్చిన ఫుట్‌బాల్ కోచ్

రాబర్ట్ రీస్ నీలండ్ అమెరికాలోని టెన్నెస్సీ విశ్వవిద్యాలయానికి 21 సీజన్ల పాటు ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేశారు. ఈ కొలువు మూడు విడతలుగా సాగింది: 1926 నుంచి 1934 వరకు, 1936 నుంచి 1940 వరకు, 1946 నుంచి 1952 వరకు. మధ్యలో రెండుసార్లు తెగిపోవడానికి కారణం సైన్యమే. మొదటిసారి ఆయనను పనామాకు పంపింది. రెండోసారి ప్రపంచ యుద్ధంలోకి పిలిచింది. ఆ యుద్ధంలో ఆయనకు దక్కిన ముఖ్యమైన బాధ్యత కలకత్తా కేంద్రంగా చైనాకు యుద్ధసామగ్రి చేరవేయడం. అందుకే ఈయన కథలో మన దేశానికీ ఒక అధ్యాయం ఉంది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ మైదానాల్లో ఆడేది కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఆటగాళ్లు దాన్ని చేతుల్లో పట్టుకుని పరుగెత్తుతారు, ముందుకు విసురుతారు, అప్పుడప్పుడు కాలితో తన్నుతారు. జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరగలేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. అవతలి గీత దాటి బంతిని చేరిస్తే ఆరు పాయింట్లు. అంగుళం అంగుళం నేల గెలుచుకునే ఆట కాబట్టి దీన్ని అమెరికా సైన్యం మొదటి నుంచీ ఇష్టపడింది. ఆ దేశంలో కళాశాల జట్ల మ్యాచ్‌లకు వచ్చే జనం, రేగే ఉత్సాహం మన దగ్గర ఏ కళాశాల క్రీడకూ లేవు.

సైనిక విద్యార్థి

నీలండ్ 1892 ఫిబ్రవరి 17న టెక్సస్ రాష్ట్రంలోని గ్రీన్‌విల్ పట్టణంలో పుట్టారు. తండ్రి న్యాయవాది. కొంతకాలం టెక్సస్‌లోనే చదివాక, సైనికాధికారులను తయారుచేసే వెస్ట్ పాయింట్ అకాడమీలో సీటు వచ్చింది. అక్కడ ఆయన మూడు ఆటల్లో పేరు తెచ్చుకున్నారు. ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. బాక్సింగ్‌లో అకాడమీ హెవీవెయిట్ విజేత. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్‌గా 35 మ్యాచ్‌లు గెలిపించి, ఐదే ఓడారు. వృత్తి బేస్‌బాల్ క్లబ్బులు కబురు పెట్టినా ఆయన ఆ దారి పట్టలేదు. 1916లో పట్టభద్రుడై ఇంజనీర్ల దళంలో అధికారిగా చేరారు.

అమెరికా సైన్యంలో ఇంజనీర్ల దళం యుద్ధంలో వంతెనలు, రోడ్లు వేస్తుంది. శాంతికాలంలో నదులు, ఆనకట్టలు, వరద నియంత్రణ పనులు చూస్తుంది. నీలండ్ మొదట మెక్సికో సరిహద్దులో, ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పనిచేశారు. యుద్ధం ముగిశాక మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఇంజనీరింగ్ పైచదువు పూర్తిచేసి, మళ్లీ వెస్ట్ పాయింట్ చేరారు. అప్పుడు అకాడమీ అధిపతి డగ్లస్ మెకార్థర్. ప్రతి సైనిక విద్యార్థీ ఏదో ఒక ఆట ఆడి తీరాలని పట్టుబట్టిన మనిషి. ఆయన దగ్గర సహాయకుడిగా ఉంటూనే నీలండ్ ఫుట్‌బాల్ జట్టుకు సహాయ కోచ్‌గా పని నేర్చుకున్నారు.

1925లో ఆయన టెన్నెస్సీ విశ్వవిద్యాలయానికి వచ్చారు, అదీ సైనికోద్యోగంలో భాగంగానే. అక్కడి కళాశాలల్లో విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చే ఆర్‌ఓటీసీ అనే విభాగం ఉంటుంది. మన ఎన్‌సీసీతో పోల్చదగినదే అయినా, అక్కడ శిక్షణ పూర్తిచేసిన వారికి నేరుగా అధికారి హోదా లభిస్తుంది. నీలండ్ ఆ విభాగంలో శిక్షకుడు. పగలు కవాతు, సాయంత్రం ఫుట్‌బాల్ సహాయ కోచ్ పని. మరుసటి ఏడాదే జట్టు పూర్తి బాధ్యత ఆయనకు అప్పగించారు.

వాండర్‌బిల్ట్ లెక్క

ఆయనను ఎంపిక చేసింది నేథన్ డౌగర్టీ. ఇంజనీరింగ్ ఆచార్యుడు, విశ్వవిద్యాలయ క్రీడామండలి పెద్ద. కొత్త కోచ్‌కు ఆయన పెట్టిన లక్ష్యం ఒక్కటే: వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంతో లెక్క సరిచేయాలి. అదే రాష్ట్రంలోని ఈ సంస్థ చేతిలో టెన్నెస్సీ ఏళ్ల తరబడి ఓడిపోతూ వస్తోంది. నీలండ్ తొలి ఏడాది జట్టు ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి, ఒక్కటి ఓడింది. ఆ ఓటమి వాండర్‌బిల్ట్ చేతిలోనే. 1927లో వాళ్లతో డ్రా చేసుకుంది. 1928లో 6-0తో గెలిచింది. ఆయన కోచింగ్ ముగిసేనాటికి వాండర్‌బిల్ట్‌పై టెన్నెస్సీ 16 గెలిచి, మూడు ఓడి, రెండు డ్రా చేసుకుంది.

మిగతా జట్లకూ అదే అనుభవం ఎదురైంది. 1927 నుంచి 1932 వరకు ఆరు సీజన్లలో టెన్నెస్సీ ఓడింది ఒకే ఒక్క మ్యాచ్, 1930లో. 1928లో అమెరికా దక్షిణాదిలో దిగ్గజమనిపించుకున్న అలబామాను 15-13తో ఓడించడంతో ఈ జట్టు పేరు దేశమంతా పాకింది. ఆ మ్యాచ్ ఆరంభంలోనే జీన్ మెకెవర్ అనే ఆటగాడు 98 గజాలు పరుగెత్తి గీత దాటాడు.

ఈ విజయాల వెనుక ఉన్న సూత్రం చెప్పడానికి తేలిక, పాటించడానికి కష్టం. తక్కువ తప్పులు చేసిన జట్టే గెలుస్తుందని నీలండ్ నమ్మకం. అందుకే పాయింట్లు సంపాదించడం కంటే ఇవ్వకపోవడానికే ఆయన ఎక్కువ కసరత్తు చేయించేవారు. బంతి తన గీతకు దగ్గరలో ఉంటే సాహసాలకు పోకుండా దాన్ని దూరంగా తన్నించేవారు. అవతలి జట్టు సుదీర్ఘ దూరం నుంచి మొదలుపెట్టి ఎక్కడో ఒక చోట తడబడుతుంది. ఆ తడబాటు కోసం కాచుకుని ఉండటమే వ్యూహం. ఇలాంటి ఏడు సూత్రాలను ప్రతి మ్యాచ్‌కూ ముందు ఆటగాళ్లతో వల్లె వేయించేవారు. టెన్నెస్సీ ఆటగాళ్లు నేటికీ మైదానంలోకి దిగే ముందు వాటిని చదువుతారు.

పరికరాల విషయంలో మాత్రం ఆయన కొత్తదనాన్ని వదులుకోలేదు. పైన గ్యాలరీలో కూర్చున్న సహాయకులు ఆట తీరు గమనించి టెలిఫోన్‌లో కిందికి చెప్పే ఏర్పాటు చేశారు. మ్యాచ్‌ల సినిమా రీళ్లు వేసి తప్పులు పట్టుకునేవారు. ఆటగాళ్ల ఒంటిమీద బరువు తగ్గించడానికి తేలికపాటి రక్షణ తొడుగులు, పట్టి లాగితే చిరిగిపోయే జెర్సీలు వాడించారు. ఇవన్నీ దక్షిణాది కళాశాలలకు అప్పటికి కొత్త.

1935లో సైన్యం ఆయనను పనామాకు బదిలీ చేసింది. ఆ ఏడాది టెన్నెస్సీ నాలుగు మ్యాచ్‌లు గెలిచి ఐదు ఓడింది. మరుసటి ఏడాది నీలండ్ మేజర్ హోదాలో పదవీ విరమణ తీసుకుని తిరిగొచ్చారు. రెండో విడతలో జట్టు శిఖరానికి చేరింది. 1938లో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచింది. 1939 రెగ్యులర్ సీజన్‌లో పది మ్యాచ్‌ల్లో 212 పాయింట్లు చేసి, ప్రత్యర్థులకు ఒక్క పాయింటూ ఇవ్వలేదు. అమెరికా అగ్రశ్రేణి కళాశాల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మరే జట్టూ ఈ పని చేయలేకపోయింది. 1938 నవంబరు నుంచి 1940 అక్టోబరు వరకు వరసగా 17 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌ల్లో ప్రత్యర్థి ఖాతా తెరవలేదు. అయితే సీజన్ ముగిశాక జరిగే పెద్ద పోటీల్లో ఇదే జట్టు దెబ్బతింది. 1940 జనవరి 1న రోజ్ బౌల్‌లో సదరన్ కాలిఫోర్నియా చేతిలో 14-0తోనూ, సరిగ్గా ఏడాదికి షుగర్ బౌల్‌లో బోస్టన్ కాలేజీ చేతిలో 19-13తోనూ ఓడింది.

మళ్లీ సైనిక దుస్తుల్లోకి

1941లో, అమెరికా యుద్ధంలోకి దిగకముందే, సైన్యం విశ్రాంత అధికారులను వెనక్కి పిలవడం మొదలుపెట్టింది. నీలండ్‌కు అప్పటికి 49 ఏళ్లు. జట్టును సహాయకుడు జాన్ బార్న్‌హిల్‌కు అప్పగించి వెళ్లారు. మొదట స్వదేశంలోనే సైనిక ఇంజనీరింగ్ పనులు చూశారు. 1942లో సైనిక సంక్షేమ నిధి కోసం వృత్తి క్లబ్బులతో మ్యాచ్‌లు పెట్టినప్పుడు, సైన్యంలో ఉన్న ఆటగాళ్లతో కూర్చిన ఒక జట్టుకు ఆయన కోచ్. మూడు మ్యాచ్‌ల్లో ఆ జట్టు రెండు గెలిచింది. ఆ తర్వాత ఆయనను చైనా-బర్మా-ఇండియా రంగానికి పంపారు.

ఆ రంగం ఎందుకు ఏర్పడిందో తెలిస్తేనే ఆయన పని విలువ తెలుస్తుంది. 1942 మార్చిలో జపాన్ రంగూన్‌ను పట్టుకుంది. కొద్ది వారాల్లోనే బర్మా నుంచి చైనాకు వెళ్లే రోడ్డు మూసుకుపోయింది. చైనా తీరం దాదాపు అంతా అప్పటికే జపాన్ గుప్పిట్లో ఉంది. ఇక చైనాకు ఆయుధాలు, పెట్రోలు, మందులు చేరాలంటే అస్సాం నుంచి హిమాలయాల తూర్పు కొసల మీదుగా విమానాల్లో పోవాల్సిందే. పైలట్లు ఆ దారిని ‘హంప్’ అన్నారు. యుద్ధం ముగిసేలోగా ఈ మార్గంలో సుమారు 6,50,000 టన్నుల సరుకు వెళ్లింది. దాదాపు 600 విమానాలు కూలాయి. పదహారు వందల మందికి పైగా చనిపోయారు లేదా జాడ లేకుండా పోయారు.

యుద్ధ చరిత్రలు హంప్ పైలట్ల సాహసం గురించే ఎక్కువ చెబుతాయి. కానీ అస్సాం విమానాశ్రయాలకు సరుకు చేరేదాకా పైలట్‌కు పని లేదు. అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన సరుకులో ఎక్కువ భాగం కలకత్తాలోనే దిగేది. ఈ రేవు సముద్రం ఒడ్డున లేదు. ఓడ హుగ్లీ నదిలో వంద కిలోమీటర్లకు పైగా లోపలికి రావాలి. ఇసుక మేటలు తప్పించుకుంటూ, ఆటుపోట్ల వేళ చూసుకుంటూ నడవాలి. 1943లో బెంగాల్ కరవు సుమారు 30 లక్షల మందిని బలిగొంది. ఆ ఏడాది డిసెంబరు 5న జపాన్ విమానాలు ఖిదిర్‌పూర్ డాక్‌లపై బాంబులు వేయడంతో హమాలీలు చాలామంది పారిపోయారు. ఓడలు రేవులో, సరుకు గోదాముల్లో పేరుకుపోయాయి.

రేవు దాటాక రైలు కష్టాలు మొదలు. కలకత్తా నుంచి పార్వతీపూర్ దాకా బ్రాడ్ గేజ్. అక్కడ ప్రతి పెట్టెనూ దించి మీటర్ గేజ్ వ్యాగన్లలోకి ఎక్కించాలి. సికింద్రాబాద్ ప్రాంతం వారికి ఈ తిప్పలు కొత్తవి కావు. బొల్లారం, మేడ్చల్ మీదుగా మన్మాడ్ వెళ్లే లైను దశాబ్దాల పాటు మీటర్ గేజే. వాడీ వైపు నుంచి బ్రాడ్ గేజ్‌లో వచ్చిన సరుకు సికింద్రాబాద్‌లో బండి మారకుండా మేడ్చల్ చేరేది కాదు. అస్సాం మార్గంలో దీనికి తోడు బ్రహ్మపుత్ర అడ్డం. వంతెన లేనందున అమీన్‌గావ్ దగ్గర వ్యాగన్లను పడవలకెక్కించి అవతల పాండు ఒడ్డున దించాలి. తేయాకు రవాణా కోసం వేసిన లైను మీద యుద్ధ భారం పడింది. చివరకు 1944 మార్చిలో బిహార్‌లోని కతిహార్ నుంచి అస్సాంలోని లీడో వరకు సుమారు 800 మైళ్ల లైను నిర్వహణను అమెరికన్ రైల్వే దళాలు చేతిలోకి తీసుకున్నాయి.

ఈ గొలుసులో మొదటి కొస నీలండ్ చేతికి వచ్చింది. కలకత్తా కేంద్రంగా ఉన్న అమెరికన్ సైనిక సరఫరా విభాగానికి ఆయన అధిపతి అయ్యారు. ఓడలను త్వరగా ఖాళీ చేయించడం, గోదాములు, బ్యారక్‌లు కట్టించడం, ఏ సరుకు ముందు వెళ్లాలో నిర్ణయించడం, వర్షాకాలంలో గట్లు తెగినా లైన్లు మునిగినా కదలిక ఆగకుండా చూడటం ఆయన విభాగం పని. కలకత్తా దిగువన బజ్‌బజ్ నుంచి అస్సాంలోని తిన్‌సుకియా దాకా పెట్రోలు గొట్టపు మార్గం పడటంతో రైళ్ల మీద భారం కొంత తగ్గింది. లీడో నుంచి కొత్తగా వేసిన రోడ్డు మీద బయల్దేరిన తొలి లారీల వరస 1945 ఫిబ్రవరి 4న చైనాలోని కున్‌మింగ్ చేరింది. ఆ ఏడాది జూలైలో హంప్ మీదుగా ఒక్క నెలలో వెళ్లిన సరుకు 71,000 టన్నులు. ఈ మూడు దారులకూ సరుకు అందించిన ప్రధాన రేవు కలకత్తా. యుద్ధం ముగిసేసరికి నీలండ్ బ్రిగేడియర్ జనరల్. అమెరికా ఆయనకు డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్, లీజియన్ ఆఫ్ మెరిట్ ఇచ్చింది. బ్రిటన్ కూడా గౌరవ పురస్కారం ఇచ్చింది.

ఎవరు మోశారు

ఈ ఘనత అధికారులది మాత్రమే కాదు. రేవులో సరుకు దించింది వేలాది భారతీయ హమాలీలు, వారితో పాటు అమెరికన్ పోర్ట్ బెటాలియన్లు. ఆ బెటాలియన్లలో ముఖ్యమైనవి నల్లజాతి సైనికులవి. లీడో రోడ్డు వేసిన సుమారు 15,000 మంది అమెరికన్ సైనికుల్లోనూ 60 శాతం వారే. అప్పటి అమెరికా సైన్యంలో తెల్లవారికీ నల్లవారికీ వేర్వేరు దళాలు. బరువు మోసే పనులు ఎక్కువగా నల్లవారికి, అధికారం తెల్లవారికి దక్కేవి. నీలండ్ పనిచేసిన విశ్వవిద్యాలయంలోనూ పరిస్థితి అదే. ఆయన కోచ్‌గా ఉన్న కాలమంతటా టెన్నెస్సీ జట్టులో ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు, ఉండటానికి వీలూ లేదు. ఆ జట్టు తరఫున తొలి నల్లజాతి ఆటగాడు లెస్టర్ మెక్‌క్లెయిన్ మైదానంలోకి దిగింది 1968లో. అప్పటికి నీలండ్ చనిపోయి ఆరేళ్లు.

మూడో విడత

1946లో సైన్యం నుంచి విశ్రాంతి తీసుకుని నీలండ్ మళ్లీ కోచ్ అయ్యారు. తొలి ఏడాది తొమ్మిది మ్యాచ్‌లు గెలిచి రెండు ఓడారు. తర్వాతి రెండేళ్లు నిరాశే మిగిలింది. 1947లో ఐదు గెలుపులు, ఐదు ఓటములు. 1948లో నాలుగు గెలుపులు, నాలుగు ఓటములు, రెండు డ్రాలు. యుద్ధ సంవత్సరాల్లో ఆట మారింది. చాలా జట్లు ‘టీ’ అనే కొత్త అమరికకు మళ్లాయి. నీలండ్ పాత ‘సింగిల్ వింగ్’ పద్ధతినే పట్టుకున్నారు. జనరల్ కాలం చెల్లిందన్న విమర్శ గట్టిగానే వినిపించింది.

ఆయన పద్ధతి మార్చలేదు. దానికి సరిపోయే ఆటగాళ్లను ఎంచి తయారుచేశారు. 1950లో జట్టు 11 గెలిచి ఒక్కటి ఓడింది. 1951 జనవరి 1న కాటన్ బౌల్‌లో టెక్సస్‌ను 20-14తో ఓడించింది. హ్యాంక్ లారిసెల్లా ఆ మ్యాచ్‌లో చేసిన 75 గజాల పరుగు టెన్నెస్సీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1951 సీజన్‌లో పదికి పది గెలిచి, వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ఎంపికలో దేశ విజేతగా నిలిచింది. షుగర్ బౌల్‌లో మేరీల్యాండ్ చేతిలో 28-13తో ఓడటం మాత్రం పాత బలహీనతను గుర్తుచేసింది. 1952 సీజన్ తర్వాత అనారోగ్యం వల్ల కోచింగ్ వదిలి, విశ్వవిద్యాలయ క్రీడా విభాగాధిపతిగా కొనసాగారు. 1956లో కళాశాల ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 1962 మార్చి 28న న్యూ ఆర్లియన్స్‌లో మరణించారు.

మొత్తం 216 మ్యాచ్‌ల్లో ఆయన జట్లు 173 గెలిచి, 31 ఓడి, 12 డ్రా చేసుకున్నాయి. నాలుగు సీజన్లకు (1938, 1940, 1950, 1951) టెన్నెస్సీని జాతీయ విజేతగా లెక్కిస్తారు. 1921లో 3,200 సీట్లతో మొదలైన, నాక్స్‌విల్ నగరంలోని విశ్వవిద్యాలయ మైదానానికి 1962లో నీలండ్ పేరు పెట్టారు. దాని విస్తరణకు మూలమైన నక్షాలు గీసింది ఆయనలోని ఇంజనీరే. ఇప్పుడు అక్కడ లక్షకు పైగా జనం పడతారు.

తూకం

నీలండ్‌ను కోచ్ నుంచి సైనికుడైన మనిషిగా చెప్పుకోవడం రివాజు. వరస చూస్తే ఆయన మొదట సైనికుడు, తర్వాత ఇంజనీరు, ఆ తర్వాతే కోచ్. కళాశాలకు వచ్చింది కూడా యూనిఫాంలోనే. మైదానంలో ఆయన చేసిందీ రేవులో చేసిందీ ఒకే పని: ముందుగా లెక్కవేయడం, పొరపాటుకు చోటివ్వకపోవడం, వరస తప్పకుండా చూడటం. తెగువతో గెలిచిన యుద్ధాల పక్కన ఇలాంటి పని వెలవెలబోతుంది. అయినా తుపాకీ పేలాలంటే తూటా ముందు ఓడ దిగాలి. ఆ దిగుమతిని నడిపించిన కొద్దిమందిలో ఆయన పేరు ముందు వరసలో ఉంటుంది. జాతి వివక్షను ప్రశ్నించని వ్యవస్థలో ఆయన కూడా ఒక భాగమన్నది ఆ పేరు పక్కనే రాసుకోవాల్సిన మాట.

ఆటకూ సైన్యానికీ ఉన్న ఈ బంధం తెలుగు నేలకు కొత్త కాదు. మన ఫుట్‌బాల్ సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం దండు మైదానాల చుట్టూ పెరిగింది. నీలండ్ సైన్యం వదిలిన నాలుగేళ్లకు, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1888లో బ్రిటిష్ సైనికుల కోసం సిమ్లాలో మొదలైన పోటీ అది. ఆ జట్టును తీర్చిదిద్దిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం కథ వచ్చే భాగంలో.